సన్నెమ్మ వాగుదారి

అనగనగనగా, అడవి కొండల నడుమ ఓ ఒంటరి గుడిసెలో సన్నెమ్మ అనే ఇల్లాలు ఉండేదిట. ఆమె పెనిమిటి బయ్యన్న. మామ ఈదయ్యకి రెండు కళ్ళూ కనపడవు. ఇంకా చంటిబిడ్డ, రెండు మేకలూ. అదీ వాళ్ళ ఇల్లు.

ఆ ఏడు మాఘం వెళ్ళాక ఆకు తెగ రాలింది. అడుగేస్తే గలగల, గాలేస్తే గరగర. సన్నెమ్మకి గుబులు పట్టుకుంది.

"ఏమయ్యా, కార్చిచ్చు ఇటొస్తే ఎటు పోదాం?"

"బండిబాట లేదూ!" అని నవ్వేశాడు బయ్యన్న.

సన్నెమ్మ ఊరుకోలేదమ్మా. బిడ్డని చంకనేసుకుని బండిబాట వెంట నడిచి చూసింది. రెండు పక్కలా ఎండిన వెదురే. ఇక్కడ నిప్పంటుకుంటే కొలిమే అనుకుంది. ఆ తర్వాత కొండపైకి పోయే కాలిబాట చూసింది. ఎగువకైతే మంట మనకన్నా ముందే ఎక్కేస్తుంది, వద్దనుకుంది. అప్పుడు ఎండిన వాగులోకి దిగింది. చివర పెద్ద ఇసుకమేట. గడ్డిపోచన్నది లేదు. పక్కనే మడుగులో కాసిని నీళ్ళు.

"ఇదే మన చోటు" అనుకుంది.

కానీ ఆ రాళ్ళలో మామ ఎలా నడుస్తాడు? రోజూ పొద్దున్నే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది.

"ఈ ముసలాణ్ణి ఎందుకు ఈడుస్తావే తల్లీ? నన్నొదిలేసి మీరు పోండి" అన్నాడాయన.

"నువ్వు రాకుంటే నేనూ కదలను మామా."

ఆ మాటతో ఈదయ్య కర్ర అందుకున్నాడు. మొదట్లో పడ్డాడు. ఆ తర్వాత తడుముకున్నాడు. ఆ తర్వాత తనే ముందు నడిచాడు.

అప్పుడు సన్నెమ్మ మొగుడి చేత ఒట్టేయించుకుంది. "పొగ కనపడితే ఇంటికి రాకు. తిన్నగా మేట దగ్గరికే రా."

ఓ మధ్యాహ్నం, బయ్యన్న సంతకెళ్ళిన పూట, గాలి తిరిగింది. బండిబాట వైపు వెదురు టపటపా పేలింది. సన్నెమ్మ మేకల్ని విప్పింది, బిడ్డని వీపున కట్టుకుంది, మామని కేకేసింది. వాగులోకి దిగారో లేదో, పొగ కమ్మేసింది. తన చెయ్యి తనకే కనపడటం లేదు. ఎటు పోవాలో తెలీక నిలబడిపోయింది పాపం.

"నా పైగుడ్డ పట్టుకో తల్లీ" అన్నాడు ఈదయ్య.

టక్, టక్, టక్. గుండురాయి దగ్గర కుడికి తిరిగాడు, జారుడుబండ దగ్గర నెమ్మదించాడు. కాసేపటికి కాళ్ళకి మెత్తగా ఇసుక తగిలింది.

అటు సంత నుంచి వస్తున్న బయ్యన్నకి పొగ కనపడింది. కాళ్ళు ఇంటివైపే లాగాయి. లోపలే ఉండిపోయారేమో! నాలుగడుగులు పరుగెత్తాడు కూడా. అంతలో ఒట్టు గుర్తొచ్చింది. ఏడ్చుకుంటూనే వెనక్కి తిరిగి, దిగువ నుంచి వాగులో పడి పరుగు తీశాడు.

గుడిసె కాలిపోయిందమ్మా, ఏమీ మిగల్లేదు. సాయంత్రానికి మంట కొండ దాటిపోయింది. మేట మీద ఈదయ్య ఒక్కొక్కరి తలా తడిమి చూశాడు. ఇది కోడలు. ఇది బిడ్డ. ఇవి మేకలు.

"ఇదెవరూ, ఇంకా వణుకుతోంది?"

"నేనే నాన్నా."

ముసలాయన ఆ తల మీద చెయ్యి తీయకుండానే అన్నాడు. "అందరం వచ్చేశాం. ఇక పడుకోండి."

కథ చేరె కంచికి,
కునుకు చేరె కంటికి,
నువ్వూ నేనూ ఇంటికి!