నెమ్మదిగా పిలిచిన మనిషి

సరదాకి సొంత రేడియోలో దూరాలవాళ్లతో మాట్లాడుకునే హ్యామ్ రేడియో లైసెన్సుకి మోర్స్ కోడ్ పరీక్ష తీసేసి ఏడాది కావస్తోంది. నీలవేణి కోపం మాత్రం చల్లారలేదు. ఆ చుక్కలూ గీతలూ చెవికెక్కక రెండుసార్లు తప్పి, ఏడ్చి, చివరికి పాసైన మనిషాయె. ఇప్పుడు ఎవరుపడితే వాళ్లు మైకు పట్టుకుని వచ్చేస్తున్నారని ఒళ్లు మండిపోయేది.

పరీక్ష మళ్లీ పెట్టాలని అర్జీ రాసి, సంతకం కోసం భీమిలిలో ఖాదర్ వలీ గారింటికి వెళ్లింది. ఆయన ఓడల్లో రేడియో ఆపరేటరుగా చేసి రిటైరైనవారు. ఆమెకి మోర్స్ నేర్పింది ఆయనే. బలవంతం లేనిదే ఈ విద్య ఎవరూ నేర్చుకోరని, మనతోనే పోతుందని ఆమె చాలాసేపు వాదించింది. ఆయన అర్జీ పక్కన పెట్టి, రేడియో ఆన్ చేసి, మోర్స్ కొట్టే కీ ఆమె ముందుకి జరిపారు.

కాసేపటికి ఎవరో మోర్సులో పిలవడం వినిపించింది. వినేవాళ్లెవరైనా ఉన్నారా అని. ఎంత నెమ్మదో! ఒక్కో అక్షరం తడుముకుంటూ, మధ్యలో తప్పి మళ్లీ మొదలెడుతూ. నీలవేణికి నవ్వొచ్చింది. లైసెన్సుతో పాటు ఇచ్చే పేరులాంటి కాల్ సైన్‌ని కాగితం మీద రాసుకుని, తన మామూలు జోరులో టకటకా జవాబు కొట్టింది. ఆ జోరంటే ఆమెకి కాస్త గర్వం కూడాను.

అవతల చప్పుడు లేదు. తర్వాత మళ్లీ చెప్పమని అడిగారు. ఆమె చెప్పింది, అంతే జోరుగా. ఈసారి జవాబు ఇంకా ఆలస్యమైంది. క్షమించండి, అందడం లేదు అని కొట్టి, ఆ మనిషి వెళ్లిపోయాడు.

వలీ గారి మొహం చిన్నబోయింది. ఆమెని జరగమని తను కూర్చున్నారు. ఏళ్ల తరబడి సముద్రం మీద మెరుపులా కొట్టిన చెయ్యి అది. ఇప్పుడు పలక పట్టిన పిల్లాడిలా ఒక్కో అక్షరం విడివిడిగా కొట్టారు. ఆగి విన్నారు. మళ్లీ పిలిచారు. ఎవరూ పలకలేదు.

నీలవేణికి మనసు చివుక్కుమంది. "అవతలివాళ్ల వేగంతోనే జవాబివ్వాలని మొదటిరోజే చెప్పారు మాస్టారూ. మర్చిపోయాను."

"అది పరీక్షలో అడగరు కదమ్మా," అన్నారాయన.

ఆమె మళ్లీ కీ అందుకుంది. వీలైనంత నెమ్మదిగా, ఎండ వాలేదాకా పిలుస్తూనే ఉంది. ఉత్త హోరు తప్ప ఏమీ రాలేదు. పాపం, ఎవరో ఏమో, ఎంత ధైర్యం చేసి పిలిచాడో. మరోసారి పిలవబోతూ కాగితం మీది కాల్ సైన్‌ని తేరిపార చూసినప్పుడు గానీ ఆమె గమనించలేదు, అది కొత్త వరసలోది. పరీక్ష తీసేశాక ఇచ్చిన లైసెన్సు.

ఆమె చెయ్యి కీ మీదే ఆగిపోయింది.

"మాస్టారూ, ఈయనకి లైసెన్సు కోసం మోర్స్ నేర్చుకోవాల్సిన పనే లేదు."

"అవునమ్మా," అన్నారు వలీ గారు. "ఎవరూ అడక్కుండానే నేర్చుకున్నాడు."