నల్లమ్మ గురించి ఎవరూ చెప్పని సంగతి

నాంచారమ్మ పాలదొడ్డిలో మధ్యాహ్నం పూట ఎవరికీ పనుండదు. బర్రె నల్లమ్మ నెమరేస్తుంది, చుక్కమేక కబుర్లు చెబుతుంది. ఆ మేక నోట్లో ఆకైనా నిలుస్తుందేమో గానీ మాట నిలవదు. ఈ కథలో నాకు నక్క మీద కన్నా దాని మీదే ఎక్కువ కోపం.

ఆ రోజు ముళ్లకంచె బయట నక్కొచ్చి చతికిలబడింది.

“ఏం చుక్కమ్మా, ఊసుపోవట్లేదు. సరదాగా ఒక మాటడగనా? ఈ దొడ్డిలో నీకెవరంటే బాగా ఇష్టం?”

“దాంతో మాటలేంటే?” అంది బొల్లికోడి, తొమ్మిది పిల్లల్నీ రెక్కల కిందికి లాక్కుంటూ.

“కంచె అవతలే ఉందిగా! మాట్లాడితే కొరుకుతుందా?” అని మేక నక్క వైపు తిరిగింది. “నాకు మా కుక్క భైరవుడంటే ప్రాణం. వాడి సంగతి తెలుసా? ఎడమ చెవి వినపడదు. సంగటి తిన్నాక కుడి చెవి నేలకానించి పడుకుంటాడు. ఇక డప్పు కొట్టినా లేవడు!”

నక్క పకపకా నవ్వింది. “అయ్యో పాపం! ఇంకెవరిష్టం?”

“ఇదిగో, ఈ బొల్లి. గద్ద అన్న మాట వింటే చాలు, పైకి కూడా చూడదు. పిల్లల్ని తోలుకుని నల్లమ్మ పొట్ట కింద దూరిపోతుంది.”

కోడి సిగ్గుపడి నవ్వింది. తన గురించి చెబుతుంటే ఎవరికి బాగోదు?

“మరి ఆ బర్రె?” అంది నక్క.

“దాని గురించి చెప్పడానికేముంది! తింటుంది, నెమరేస్తుంది.”

నల్లమ్మ దవడ ఒక్క క్షణం ఆగింది. పాపం, మనసు చివుక్కుమంది. అయినా మళ్లీ నెమరు మొదలెట్టింది.

మర్నాడు భైరవుడు సంగటి తిని పడుకున్నాడో లేదో, కంచె పక్కనుంచి “గద్ద! గద్ద!” అని కేక వినిపించింది. బొల్లి పిల్లల్ని తోలుకుని నల్లమ్మ పొట్ట కిందికి పరిగెత్తింది. అప్పటికే కంచె కింద కన్నం చేసుకుని లోపలికొచ్చిన నక్క, బర్రె వెనక్కాళ్ల మధ్యలోంచి తల దూర్చింది!

“భైరవా! ఒరే భైరవా!” అని మేక గొంతు చించుకుంది. కుక్క కదిలితే ఒట్టు. నిన్న తాను నవ్వుతూ చెప్పినవాటిలో నక్క ఒక్కటీ మరిచిపోలేదని అప్పుడు తెలిసొచ్చింది మేకకి.

నక్క అన్నింటికన్నా చిన్న పిల్లని నోట కరుచుకుని వెనక్కి తిరిగింది. దాని వీపు పొదుగుకి రాసుకుంది.

ఫెడేల్!

నాంచారమ్మ చెయ్యి తప్ప ఇంకేది పొదుగుకి తగిలినా నల్లమ్మ ఊరుకోదు. పాలు పితకబోయిన ఆవిడ అల్లుణ్ణే చెంబుతో సహా తన్నింది. నక్క ఎగిరి కుడితి తొట్టికి గుద్దుకుంది, నోట్లోని పిల్ల జారిపడి తల్లి దగ్గరికి పరిగెత్తింది.

“అమ్మో, నా దవడ! ఈ సంగతి నాకెవరూ చెప్పలేదే!” అని నక్క మూలిగింది.

“నేనంటే ఇష్టమని ఎవరూ అనలేదుగా మరి,” అంది నల్లమ్మ.

నక్క కుంటుకుంటూ పోయాక బొల్లి పిల్లల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంది. తొమ్మిదీ ఉన్నాయి. మేక తలొంచుకుని వచ్చింది. “నల్లమ్మక్కా, ఇవాళ్టినుంచి నాకు అందరికన్నా నువ్వంటేనే ఇష్టం!”

“నీకో దండమే తల్లీ! ఆ ఇష్టమేదో నీ కడుపులోనే దాచుకో.”

మనవాళ్ల గుట్టు ముద్దుకు చెప్పినా, పగవాడికి దారి చూపించినట్టే.