గవ్వలరేవు పురిటి మేడ

గవ్వలరేవు పట్టణంలో పాత బజారు మలుపు తిరగగానే కనిపించే రెండంతస్తుల భవనానికి పురిటి మేడ అని పేరు. పదిహేడవ శతాబ్దంలో కట్టిన ఈ మేడలో టేకు స్తంభాలు, సున్నపు గచ్చు గోడలు, ఆకాశం కనబడే మండువా నేటికీ చెక్కుచెదరలేదు. మండువాను ఆనుకొని ఉన్న నడిమింట్లో పురిటి అమ్మవారు కొలువై ఉన్నారు.

పూర్వం ఇక్కడ తిప్పిశెట్టి అనే వస్త్రవర్తకుడు, ఆయన ధర్మపత్ని వెంగమాంబ ఉండేవారు. సంతానం లేని ఆ దంపతులు ఎంతో ముచ్చటపడి ఈ మేడ కట్టించుకున్నారు. గృహప్రవేశం నాటి ఉదయమే గాలివాన విరుచుకుపడింది. బంధువులంతా అరుగు మీద ముహూర్తం కోసం వేచి ఉండగా, సముద్రం పొంగి గుడిసె కొట్టుకుపోయిన నూకాలు అనే, చేపలు పట్టే పల్లెకారుల ఇంటి స్త్రీ, నొప్పులు పడుతూ వచ్చి ఆ అరుగు మీద కూలబడింది.

శెట్టి కంగారుపడి, "పాలు పొంగించని ఇంట్లో పురుడా? మైల పడితే ముహూర్తం తప్పిపోతుంది. ఏడాది దాకా మరొకటి లేదు" అన్నాడు.

"ముహూర్తం ఆగుతుందేమో గాని, బిడ్డ ఆగదండీ!" అంటూ వెంగమాంబ తలుపులు తెరిచింది. నూకాలును తన భుజానికి ఆనించుకొని నడిమింట్లోకి నడిపించింది. కొద్దిసేపటికే ఆడశిశువు కేక మండువా అంతటా మారుమోగింది.

ముహూర్తం తప్పిందన్న దిగులుతో శెట్టి ఆ రాత్రి అన్నం ముట్టక పడుకున్నాడు. కలలో ఒక ముత్తైదువ, ఒడిలో బిడ్డతో నడిమింట్లో కూర్చొని కనిపించింది. "శెట్టీ, నా కోసం ఇల్లు కట్టి, తీరా నేను వచ్చాక దిగులుపడతావేం? నా కేక వినలేదా?" అన్నది. ఆయన దిగ్గున లేచి, మైల మాట మరిచి, ఉయ్యాలలోని పసికందును గుండెలకు హత్తుకున్నాడు. కలలో చూసిన రూపాన్నే టేకు దూలంలో చెక్కించి ప్రతిష్ఠించాడు. మరుసటి ఏడు వెంగమాంబ కడుపు పండింది. ఆమెకు పురుడు పోసింది నూకాలే.

అమ్మవారిని దర్శించిన గర్భిణులకు సుఖప్రసవం కలుగుతుందని భక్తుల విశ్వాసం. వారి రాకకు తిథివార నక్షత్రాల పట్టింపు లేదు. ఏటా ఉత్సవం నాడు పల్లెకారుల ఇంటి పసిబిడ్డను ముందుగా గడప దాటిస్తారు. ఆ బిడ్డ ఏడ్చిన తరువాతనే సన్నాయి మొదలుపెట్టడం ఆచారం. కొందరు పిల్లలు ఎంతకీ ఏడవక, అందరినీ చూసి బోసినవ్వులు నవ్వుతారు. అప్పుడు అర్చకులు, మేళగాళ్లు, ఊరివారు అందరూ కలిసి నవ్వుకుంటూ ఎదురుచూస్తారు.