తవిటినాయుడి చప్పట్లు

అప్పలనరసమ్మ గారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడం ఆవిడ ఇంటావంటా లేదు. బొబ్బిలి దగ్గర ప్రత్యేక అవసరాల పిల్లల బడిని ఇరవై ఏళ్లుగా నడుపుతున్న మనిషి. శిక్షణకు వచ్చిన కుర్ర మాస్టార్లు ఏ సందేహం అడిగినా, ఏదో ఒక పని చేతికిచ్చి పంపేసేవారు.

తవిటినాయుడు ఆ ఏడాది వచ్చినవాడు. మంచివాడే, కాస్త హుషారెక్కువ. అతని గదిలో ఆరుగురు పిల్లలు. ఎవరు ఏ చిన్న పని చేసినా అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టేవాడు. ఆ బడిలో అదే ఆనవాయితీ కూడాను. ఐదుగురు ఏదో ఒకటి నేర్చుకుంటున్నారు. పన్నెండేళ్ల నూకరాజు మాత్రం చొక్కాకు మొదటి గుండీ పెట్టుకుని, అంతటితో ఆగి, ముడుచుకుని కూర్చునేవాడు. వాడికి మాటలు రావు. సిగ్గు కాబోలని నాయుడు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టేవాడు.

ఒకరోజు నూకరాజు తండ్రి వచ్చి తేల్చి చెప్పేశాడు.

"మూడేళ్లయింది మేడమ్ గోరూ. సొక్కాకి గుండీలెట్టుకోడం కూడా రాలేదు ఈడికి. సుక్కురారం వొచ్చి తీసుకుపోతాను. మేకలెనక తిరుగుతాడు."

నాయుడికి ఏడుపొచ్చినంత పనైంది. ఆయన వెళ్లాక, "ఆరుగురినీ ఒకేలా చూస్తున్నానమ్మా. వీడి దగ్గరే ఎందుకు ఓడిపోతున్నాను?" అని అడిగాడు.

ఆవిడ వంటగదిలోకి వెళ్లి, ఒక వెడల్పాటి గిన్నెలో అంచుదాకా నీళ్లు పోసి తెచ్చి అతని రెండు చేతుల్లో పెట్టారు.

"ఇవాళ దీన్ని దించకుండా పాఠం చెప్పు. చుక్క ఒలికిందో, ఊరుకోను."

ఇదెక్కడి గొడవరా బాబూ అనుకుంటూనే నాయుడు వెళ్లి నూకరాజు ఎదుట కూర్చున్నాడు. పిల్లవాడు మొదటి గుండీ పెట్టాడు. పెట్టగానే భుజాలు పైకి లాక్కుని, చెవులు మూసుకోబోయాడు. ఏ శబ్దమూ రాలేదు. గిన్నె వంక కాసేపు చూశాడు. మెల్లగా చేతులు దించి రెండో గుండీ పట్టుకున్నాడు. తర్వాత మూడోది. అలా చిట్టచివరిదాకా పెట్టేశాడు. ఇన్నాళ్లూ తాను మెచ్చుకోలనుకున్నది వాడికి దెబ్బలా తగిలిందని తెలిసి నాయుడు సిగ్గుతో చచ్చిపోయాడు.

శుక్రవారం తండ్రి వచ్చాడు. కొడుకు ఐదు గుండీలూ పెట్టుకోవడం నిలబడి చూసి, మేకల మాట ఎత్తకుండానే తిరుగు బస్సెక్కాడు.

సోమవారం పొద్దున్నే నాయుడు గది తలుపుకు ఒక అట్ట తగిలించాడు. 'ఈ గదిలో చప్పట్లు కొట్టరాదు' అని దాని మీద పెద్ద అక్షరాలతో రాశాడు. గది ప్రశాంతంగా ఉంది. కిటికీ పక్కన పైడితల్లి కర్రకు రింగులు తొడుగుతోంది. ఆ పిల్లకు చూపు లేదు, కాళ్లూ నిలవవు. ఎన్నడూ లేనిది, ఆ రోజు పది రింగులూ తొడిగేసింది. తొడిగి, అటూ ఇటూ చెవి ఒగ్గింది. నాయుడు నిండుగా నవ్వి, భేష్ అన్నట్టు తలూపాడు.

పిల్ల ముఖం చిన్నబోయింది.

"మాస్టారూ, ఎల్లిపోయారా?" అంది.

గుమ్మంలో నిలబడి అట్ట చదువుతున్న అప్పలనరసమ్మ గారు అతని వైపు తిరిగారు.

"పిల్ల అడుగుతోంది కదయ్యా. జవాబు నువ్వు చెబుతావా, నీ అట్ట చెబుతుందా?"