సిరిపట్నంలో పుట్టినవాళ్లు

సిరిపట్నం రాజు భువనమల్లుడు ఆ రోజు ఆకలితో మండిపోతున్నాడు. కోట ఎదుటి వీధిలో ఆయన పల్లకీ బండ్ల మధ్య ఇరుక్కుని రెండు గడియలైంది. ముందు సున్నం బండి, వెనక దూలాల బండి, పక్కన గాడిదల మంద.

"రాజుగారొస్తున్నారు, తప్పుకోండి!" అని బంట్లు అరిచారు.

"ఎటు తప్పుకోమంటావు నాయనా, నువ్వే చూపించు" అని బండివాళ్లు తిరిగి అరిచారు.

సభకు చేరగానే రాజు గర్జించాడు. "ఈ ఊరికి ఏమైంది?"

ఊరికి ఏమీ కాలేదు. పెరిగింది, అంతే. సముద్రపు రేవు నుంచి బాట పడ్డాక పదేళ్లలో నాలుగింతలైంది. బావి దగ్గర బిందెల వరుస వీధి మలుపు దాటుతోంది. పశువుల పాకకు కూడా అద్దె వస్తోంది. అయినా జనం వస్తూనే ఉన్నారు. ఇక్కడ ఒళ్లు వంచితే పూట గడుస్తుంది. ఒంటరి ఆడది వస్తే "ఎవరి పెళ్లానివి?" అని కాక "ఏం పని వచ్చు?" అని అడిగే ఊరు ఆ చుట్టుపక్కల ఇదొక్కటే.

నగరాధికారి గరుడాచలం మీసం సవరించుకుంటూ లేచాడు.

"మహాప్రభూ, మా వంశానిది ఏడు తరాలుగా ఈ ఊరే. దీన్ని పాడుచేసింది వచ్చిపడిన జనం. ఈ ఊళ్లో పుట్టినవాళ్లే ఈ ఊళ్లో ఉండాలని శాసనం చేయండి. తూర్పు వాకిలి దగ్గర గుడిసెలు వేసుకున్నవాళ్లంతా ఎల్లుండికల్లా వెళ్లిపోతారు. వీధులు ఖాళీ!"

"ఎవరు ఎక్కడ పుట్టారో తేల్చేదెలా?"

"మంత్రసాని బసవక్క చెబుతుంది. ఈ ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డకూ బొడ్డు కోసింది ఆమే. అంతకుముందు ఆమె అత్త."

రాజు సరేనన్నాడు. దండోరా మోగింది.

ఆ సాయంత్రం తూర్పు గుడిసెల్లో పొయ్యిలు వెలగలేదు. ఇటుకలు మోసే పోలమ్మకు నెలలు నిండాయి. ఆమె బసవక్క చెయ్యి పట్టుకుంది.

"రేపో మాపో కనేదాన్ని. ఈ పొట్టేసుకుని ఎక్కడికి నడిచేదక్కా?"

"నువ్వు నడవక్కర్లేదే. రేపు సభలో పుట్టుకల సంగతి నన్నే అడుగుతారట. అడగనీ."

మర్నాడు సభ కిటకిటలాడింది. గరుడాచలం దర్జాగా అడిగాడు.

"చెప్పవే, ఊరు విడవాల్సినవాళ్లెవరు?"

"మొదట నేనేనయ్యా. పెళ్లయి ఈ ఊరొచ్చాను. రాణిగారూ అంతే, మీ ఇంటి కోడళ్లూ అంతే. మీ చెల్లెళ్లు ముగ్గురూ ఇక్కడే పుట్టారు గానీ, వాళ్లను మీరే మేళతాళాలతో ఊరు దాటించారు."

ఎవరో కిసుక్కుమన్నారు.

"ఆడవాళ్ల గోల వదిలెయ్. మగవాళ్ల పేర్లు చెప్పు!"

"అలాగే. మొదటి పేరు తమరిదే."

"నాదా! ఏడు తరాల వంశం మాది!"

"తరాలు ఏడైతేనేం అయ్యా, తమరి బొడ్డు కోసింది మా అత్త కాదు. తమరు పెద్దకొడుకు. తొలికాన్పు ఎక్కడ జరుగుతుంది? అమ్మ పుట్టింట్లో. మీ ఇంట్లో తరతరాలుగా పదవి పెద్దకొడుక్కే. అంటే ఆ పదవిలో కూర్చున్న ఏడుగురిలో ఒక్కరూ ఈ ఊళ్లో పుట్టలేదు."

గరుడాచలం తడబడ్డాడు. "మూడో నెలలోనే నన్ను ఇక్కడికి తెచ్చేశారు! అది వలసా?"

"గుడిసెలవాళ్లూ వచ్చారు, తమరూ వచ్చారు. వాళ్లు కాళ్లరిగేలా నడిచొచ్చారు, తమరు అమ్మ ఒళ్లో పడుకుని వచ్చారు. అంతే తేడా."

సభ గొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా సేనాపతి నవ్వాడు.

"తమరు నవ్వకండి సేనాపతిగారూ, తమరూ పెద్దకొడుకే. ఈ సభలో ఆసనాలన్నీ పెద్దకొడుకులవే. తమ్ముళ్లు మాత్రం చాలామంది ఇక్కడే పుట్టారు. పదవులు వాళ్లకిచ్చి తమరంతా మూటలు సర్దుకోండి."

వెనక నిలబడ్డ తమ్ముళ్లు గబగబా తలపాగాలు సర్దుకున్నారు.

రాజు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, ఉన్నట్టుండి ఆగాడు. సింహాసనం దక్కేదీ పెద్దకొడుక్కే.

"బసవక్కా... మరి నేను?"

బసవక్క చేతులు జోడించింది.

"తమరి మేనమామగారి ఊరు చల్లటి ఊరు మహారాజా. అక్కడ వీధులన్నీ ఖాళీగానే ఉంటాయి."

రాజు ముందుకు వంగాడు. "అయితే ఈ ఊళ్లో ఉండదగినవాళ్లు ఎవరమ్మా?"

బసవక్క వాకిలి వైపు చెయ్యి ఊపింది. చంకలో పిల్లలతో, కొంగు పట్టుకున్న పిల్లలతో గుడిసెల ఆడవాళ్లు లోపలికి వచ్చారు. పోలమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఈ పిల్లలు ప్రభూ! వీళ్ల తల్లులకు పుట్టింటికి వెళ్లే తీరిక మేస్త్రీలు ఇవ్వలేదు. తమరి కోటగోడ కింద, ఇటుకబట్టీ పక్కన కన్నారు. అందరికీ నేనే బొడ్డు కోశాను. శాసనం ప్రకారం ఊరు వీళ్లది. అందరిలో పెద్దది అదిగో, ఆ తొమ్మిదేళ్ల పిల్ల. రాజ్యం ఎప్పుడు అప్పగిస్తారో చెబితే దానికి జడ వేసి తీసుకొస్తాను."

రాజు పగలబడి నవ్వాడు. నవ్వుతూనే శాసనం చింపేశాడు.

"ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. నేనూ వచ్చినవాణ్నే! ఏం కావాలో కోరుకో బసవక్కా."

గుమ్మం దగ్గర పోలమ్మ ఊపిరి పీల్చుకుని అక్కడే కూలబడింది.

"తూర్పు వాకిలి దగ్గర రెండు బావులు కావాలి మహారాజా. పుట్టింటికి పోలేనివాళ్ల కోసం ఒక పురిటిల్లు."

"ఇచ్చాను! పని చేయించే బాధ్యత గరుడాచలానిది." అంటూ రాజు తన చేతి కంకణం తీసి ఆమెకిచ్చాడు.

బసవక్క కంకణం కళ్లకద్దుకుని గరుడాచలం వైపు తిరిగింది.

"పురిటిల్లు త్వరగా కట్టించండయ్యా. తమరి కోడలి తొలికాన్పు అక్కడే చేస్తాను. మీ వంశంలో ఒక్క పెద్దబిడ్డయినా ఈ ఊళ్లో పుట్టినట్టుంటుంది!"

ఈసారి ముందు వినిపించిన నవ్వు గరుడాచలం తమ్ముడిదే.