కోటగోడ మీద వంకర రాయి

ఒకానొక కాలంలో ఇంగ్లండు దేశంలో, సొంత కోటగోడకి దిమ్మలు పెట్టుకోవాలన్నా రాజుగారి అనుమతి కావాలి. దిమ్మలంటే గోడ నెత్తిన ఎడం ఎడంగా లేపే రాతికట్టు. దాని చాటున నిలబడి బాణాలు వేస్తారు.

ఆవిస్ దొరసాని అడక్కుండానే కట్టించేసింది. అది విని హంఫ్రీ మహారాజు పరివారంతో సహా ఊడిపడ్డాడు. గాలి వీచినా తనను అడిగే వీచాలనుకునే రకం ఆయన.

"నన్ను అడక్కుండానా? పొద్దున్నే దిమ్మలన్నీ పడగొట్టండి. ఈ కోట ఇక నాది!" అన్నాడు. మచ్చుకి ఒకదాని పైరాయి అప్పుడే ఊడబీకించి, విందుకి కూర్చున్నాడు.

రాజు ఏ కోటలో భోంచేస్తే ఆ కోట చరిత్ర విందులో చెప్పడం అక్కడి ఆచారం. దొరసాని లేచింది గానీ, పాపం, చెప్పలేక మళ్లీ కూలబడిపోయింది. ఆ కోట తప్ప ఆమెకి వేరే నీడ లేదు మరి. రాజుగారి విదూషకుడు విల్కిన్ ఆ ముఖం చూసి ఉండలేకపోయాడు. వంటింట్లో కబుర్లాడి కోట సంగతంతా అప్పటికే విని ఉన్నాడు.

"నేను చెబుతాను ప్రభూ. మొదట ఉత్తరాది దొంగలొస్తే ఈ ఇంటి దొర తరిమికొట్టాడు. మళ్లీ వచ్చారు. బోడిగోడ మీద చాటు లేక, బాణం తగిలి దొర పోయాడు. ఆయన్ని పూడ్చిన మర్నాడే భార్య దిమ్మల పని మొదలుపెట్టించింది. మూడోసారి వచ్చినవాళ్లు వాటిని చూసి వెనక్కి పోయారు."

రాజు నమలడం ఆపాడు.

"తర్వాత నాలుగోవాడొచ్చాడు ప్రభూ. ఒక్క బాణమైనా వేయలేదు. ఆవిడ గోడ పాడుచేసి, ఆవిడే వండించిన జింకమాంసం తింటూ కోట లాగేసుకున్నాడు."

"ఎవడా నీచుడు?" రాజు కత్తి దూశాడు. "వాడి చేతే రాయి మోయించి ఆ గోడ బాగుచేయిస్తాను. ఇది నా ఆన!"

"కత్తి దించండి ప్రభూ," అన్నాడు విల్కిన్ మెల్లగా. "మీకే గుచ్చుకుంటుంది."

రాజు తన పళ్లెంలోని మాంసం ముక్కని చూశాడు. దొరసానిని చూశాడు. ఆపైన బల్ల అదిరేలా నవ్వాడు.

"దొరికిపోయాను కదరా! సరే, ఆన ఆనే."

తెల్లవారగానే రాజు ఆ రాయిని తానే ఎత్తుకుని, ఆయాసపడుతూ మెట్లెక్కాడు. "కాస్త ఎడమకి, ప్రభూ," అంటూ విల్కిన్ వెనకే నడిచాడు. రాయి పెట్టాక రాజు అందరి ఎదుటా దొరసానికి కోట తిరిగి అప్పగించి, దిమ్మలకి అనుమతి కూడా ఇచ్చి, తన బొచ్చుకోటు విప్పి విల్కిన్ భుజాన వేశాడు.

రాయి వంకరగా కూర్చుంది. తాపీవాళ్లు సరిచేస్తామంటే దొరసాని ఒప్పుకోలేదు.

"ఉండనీయండి. రేపు ఈ కోట చరిత్ర చెప్పేటప్పుడు, నాలుగోవాడు ఏమయ్యాడని అడుగుతారుగా. చూపించాలి," అంది.

అది విని అందరికంటే గట్టిగా నవ్వింది రాజే.