తాళం పడ్డ పడవలు

అనగనగనగా నీలవేణి నది ఒడ్డున చంద్రధ్వజుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. మూడోవాడు శరభుడు.

ఆ నదికి వరదొస్తే ఎవరూ దండోరా వేయనక్కర్లేదు. జాలరులు పడవలు తెచ్చేవారు, కుమ్మరులు తాళ్ళు తెచ్చేవారు, గొల్లలు ఈతకు ఎండిన సొరబుర్రలు తెచ్చేవారు. అందరూ తలా ఒక చెయ్యేసి మునిగేవాళ్ళను ఒడ్డుకు చేర్చేవారు.

ఇలా ఉండగా ధూమకేశుడనే మాంత్రికుడు కొలువుకొచ్చాడు.

"నా మంత్రం ఉండగా నది గట్టు దాటదు. ఇంక పడవలెందుకు? పిలవకుండా ఇంతమంది గుమిగూడితే రేపు మీ సింహాసనానికే ముప్పు, మహారాజా!"

రాజు భయపడిపోయాడు. పడవలూ తాళ్ళూ సొరబుర్రలూ కోట కొట్టంలో పడేయించి తాళం వేయించాడు.

ఆ వానాకాలమే గట్టు తెగింది. మాంత్రికుడు బురుజెక్కి, "సగం రాజ్యమిస్తేనే నదిని వెనక్కి పంపుతాను. నన్ను చంపుదామనుకుంటారేమో, నా ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది!" అని నవ్వాడు.

"ఆ చిలకను నేను తెస్తా" అని పెద్దన్న గుర్రమెక్కాడు. "నేను తెస్తా" అని రెండో అన్నా గుర్రమెక్కాడు.

శరభుడికి ఒళ్ళు మండిపోయింది.

"నాన్నగారూ! ఏడు సముద్రాలు దాటి వచ్చేలోగా ఇక్కడ మిగిలేదెవరు? దిగువపేటలో పిల్లలు ఇంటికప్పులెక్కి ఏడుస్తున్నారు, వినబడటంలేదా? వాళ్ళ పడవలు వాళ్ళకివ్వడానికి కూడా మంత్రం కావాలా మీకు?"

రాజు తల దించుకున్నాడే గాని తాళంచెవి ఇవ్వలేదు. శరభుడు గొడ్డలి తీసుకుని కొట్టం తలుపు పగలగొట్టాడు. బయట అప్పటికే పేట జనమంతా నిలబడి ఉన్నారు. ముందున్న జాలరి పిల్ల తరళ అతడి వంక కోపంగా చూసింది.

"ఇప్పుడా రావడం, దొరా? సరే, ఆ తాడందుకో."

కప్పుల మీది పిల్లలను దింపారు. చెట్లెక్కిన ముసలివాళ్ళను దింపారు. దిబ్బ మీద చిక్కిన పశువులను ఈదించుకొచ్చారు. అంతలో ఒక తాబేలు పడవ పక్కకొచ్చి తలెత్తింది.

"రాకుమారా, మాంత్రికుడు అబద్ధమాడాడు. చిలక అతడి మేడ కింది గదిలోనే ఉంది. అక్కడికీ నీళ్ళొచ్చేశాయి."

నిజమే, మేడ మీంచి కేకలు వినబడుతున్నాయి. "నా చిలక! నా చిలకను కాపాడండి!"

"చావనీ!" అన్నాడు శరభుడు పళ్ళు కొరుకుతూ.

"మునిగేదెవరని అడిగి తాడేస్తామా?" అంది తరళ.

శరభుడు ఆ కోపంతోనే నడుముకు సొరబుర్ర కట్టుకుని దూకాడు, పంజరంతో పైకొచ్చాడు. రాజు ముందు దాన్ని ఎత్తిపట్టి మాంత్రికుణ్ణి అడిగాడు.

"చెప్పు! నదిని ఆపే మంత్రం నీకొచ్చా?"

మాంత్రికుడు చేతులు జోడించాడు. "రాదు... ఎప్పుడూ రాలేదు."

రాజు సిగ్గుతో చితికిపోయాడు. మాంత్రికుణ్ణి పొలిమేర దాటించి, "మీకందరికీ జీతాలిస్తాను" అన్నాడు జనంతో.

"జీతానికి రాలేదు ప్రభూ!" అంది తరళ. "పిలవకపోయినా వస్తాం. మా దారికి అడ్డం పడకండి, చాలు."

ఆ మాటకే శరభుడు ఆమెను మనసారా కోరుకుని, తనను పెళ్ళాడమని అడిగాడు. ఆమె సరేనంది. అన్నలిద్దరూ ఏడు సముద్రాలూ తిరిగి ఉత్త చేతులతో వచ్చేసరికి పెళ్ళి భోజనాలవుతున్నాయి.

తరవాత శరభుడే రాజయ్యాడు, తరళ రాణి అయింది. ఏటా తొలకరికి ముందు ఇద్దరూ జనంతో కూర్చుని తాళ్ళు పేనేవారు. అరచేతులు కాయలు కాచిన ఆ రాజూ రాణీ చాలాకాలం, చల్లగా, ఆ రాజ్యాన్ని ఏలారు.